అడిగింది ఒకటి, వచ్చింది ఒకటి

టోక్యోలో ఆరు రోజులున్నాం. బస షింజుకులో. గది అగ్గిపెట్టెంత, రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరిస్తే మంచం ఎక్కి నిలబడాల్సిందే. అయినా స్టేషన్ దగ్గర, శుభ్రతకు వంక పెట్టలేం. ఆ అద్దెకు నయమే.

నేను ప్రత్యేకంగా చూడాలనుకున్నది మాత్రం ‘ఆర్డర్లు పొరబడే భోజనశాల’. డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి తగ్గిపోయే జబ్బు, ఉన్న పెద్దలే అందులో వడ్డిస్తారు. షిరో ఒగుని అనే టీవీ దర్శకుడు 2017లో మొదలుపెట్టారు. అలాంటి పెద్దలుండే ఒక ఇంట్లో ఆయనకు భోజనంలోకి హాంబర్గ్ స్టేక్ (మాంసం కైమా ముద్ద) అన్నారు, గ్యోజాలు (కూరిన కుడుముల్లాంటివి) వచ్చాయి. అందరూ హాయిగా తింటున్నారు, వింతపడింది ఆయనొక్కరే. ఆలోచన అక్కడ పుట్టింది.

వెతుక్కుంటూ వెళ్లేవారికి ఒక మాట: అది రోజూ తెరిచి ఉండే హోటల్ కాదు, అప్పుడప్పుడు కొద్ది రోజులు నడిపే కార్యక్రమం. ఆ బాటలో కొన్ని చిన్న కాఫీ దుకాణాలు ఏదో ఒక రోజును ఇందుకు కేటాయిస్తాయి. శివార్లలో అలాంటిదే ఒకటి మాకు దొరికింది. శాకాహారులు జాగ్రత్త, జపాన్‌లో కూరగాయల సూపులోనూ చేపలతో కాచిన దాషి అనే రసం ఉండవచ్చు. మేము పానీయాలు, కేకుతో సరిపెట్టుకున్నాం. కేకులో గుడ్డు సంగతి అడగకండి.

బల్లకొక రంగు పువ్వు. ఎనభై దాటిన పెద్దావిడ చీటీలో గీసిన పువ్వు మీద వేలు ఉంచి, తలెత్తి మా పువ్వు చూసి, మళ్లీ చీటీ చూసుకుని వచ్చారు. నేను కాఫీ చెబితే నారింజ రసం పెట్టారు.

“చెబుదామా, వద్దా?” అన్నారు మా ఆయన మెల్లగా.

ఈలోపు నా కాఫీ అందుకున్న పక్క బల్లాయన నవ్వుతూ కప్పు ఇటు జరిపాడు. వెనక నిలబడ్డ సహాయకురాలు చూస్తూనే ఉంది కానీ కల్పించుకోలేదు. నాకు బాగా నచ్చిన సేవ అదే. నచ్చనిది, ఇంకో బల్ల దగ్గర ఫోను ఎత్తిపట్టుకుని పొరపాటు కోసం కాచుకున్న కుర్రాడు. కావాలని తప్పులు చేయించకూడదన్నది ఒగుని పెట్టుకున్న నియమం. 2017లో నూటికి 37 ఆర్డర్లు తారుమారయ్యాయట. ఆ అంకెను అందరూ ముచ్చటగా చెబుతారు. సరిగ్గా వచ్చిన 63 ఎవరికీ పట్టవు. నిజానికి నేనూ పొరపాటు చూద్దామనే కదా వెళ్లింది!

లేవబోతుంటే ఆవిడ మళ్లీ చీటీ పట్టుకుని వచ్చారు, ఏం కావాలంటూ. మా ఆయన కూర్చుని టీ చెప్పారు.

టీయే వచ్చింది.