ఒప్పించే వ్యాసానికి ఆధారాలు: ఫోనా, గ్రంథాలయమా, ఊరి పెద్దలా?

వ్యాసరచన పోటీల ప్రకటన రాగానే పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "సార్, సమాచారం ఫోనులో చూసుకుంటే చాలదా, గ్రంథాలయానికి పోవాలా?" ఊళ్లో పెద్దవాళ్లను అడిగి రాస్తే మార్కులు వేస్తారా అని ఈమధ్య మరికొందరు అడుగుతున్నారు.

వేగంలో ఫోనుకు సాటి లేదు. దేవరకొండ అవతలి తండాలో ఉన్న అమ్మాయి నల్లగొండ గ్రంథాలయానికి వచ్చి పోవాలంటే ఒక రోజు గడిచిపోతుంది. దూరం చిన్న విషయమని నేను అనను. అయితే ఒప్పించే వ్యాసాన్ని చదివేది మనతో ఏకీభవించని మనిషి అనుకోవాలి. "ఈ అంకె ఏ సంవత్సరానిది? ఏ హద్దులకు సంబంధించింది?" అని అతను అడిగితే బదులు చెప్పగలగాలి. నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది దీనికే.

పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్ జిల్లాలో, ఊరూరా పఠనాలయం కావాలని ఒక విద్యార్థి వాదిస్తున్నాడనుకుందాం. మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం అని రాస్తాడు. అంకె సరైనదే, కానీ అది 2011 జనాభా లెక్కలది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సగటు 67.02 శాతం. నాటి మహబూబ్‌నగర్‌లో నేటి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట ప్రాంతాలన్నీ ఉన్నాయి. 2016 అక్టోబరు 11న ఆ జిల్లా విడిపోయింది. నారాయణపేట 2019లో వేరుపడింది. 2021లో జరగాల్సిన జనగణన ఆ ఏడాది జరగలేదు. ఫోనులో వెతికితే పాత జిల్లా జనాభా, కొత్త జిల్లా పటం పక్కపక్కనే కనిపిస్తాయి. రెండింటినీ ఒకే పేరాలో కలిపేస్తే, తెలిసిన పాఠకుడు ఆ తర్వాత ఏ మాటనూ నమ్మడు. అదే "2011 నాటి ఉమ్మడి జిల్లాలో" అని నాలుగు మాటలు ముందు చేర్చితే అదే అంకె గట్టిగా నిలబడుతుంది.

అందుకే నా మొగ్గు గ్రంథాలయం వైపు. జనాభా లెక్కల పుస్తకంలో సంవత్సరం అట్ట మీదే ఉంటుంది, పట్టికలో స్త్రీ పురుషుల వరుసలు విడివిడిగా ఉంటాయి. కావలసిన అంకె కోసం వెళ్లిన పిల్లవాడికి పక్క వరుస కూడా కంటపడుతుంది. ఆడవాళ్ల అక్షరాస్యత అంత వెనకబడి ఉండటం చూశాక అతని వాదన కొత్త దారి పట్టవచ్చు. కొత్త విషయాలు అక్కడ దొరకవు, తలుపులు తెరిచే వేళలు చూసుకోవాలి, ఆ ఇబ్బందులు నిజమే. జనగణన శాఖ పెట్టిన అసలు పట్టికను ఫోనులో తెరిచి చూస్తే అది పుస్తకంతో సమానమే. అసలు పత్రం దాకా వెళ్లామా లేదా అన్నదే ముఖ్యం.

ఊరి పెద్దల మాటకు వేరే బలం ఉంది. మునుగోడు, మర్రిగూడ వైపు తాగునీటిలో ఎక్కువై ఎముకలను, కీళ్లను దెబ్బతీసే ఫ్లోరైడ్ గురించి రాసే పిల్లలకు ఇది తప్పనిసరి అంటాను. ఏ బోరు నీళ్లు ఎన్నేళ్లు తాగారో, కీళ్లు ఎప్పటినుంచి బిగుసుకుపోయాయో చెప్పగలిగింది వాళ్లే. ఆ బాధ చదివినవాడిని కదిలిస్తుంది. కారణాన్ని మాత్రం అది ఒక్కటే రుజువు చేయదు. నీళ్లలో ఉండే ఫ్లోరైడ్‌కు రంగు, వాసన, రుచి లేవు కాబట్టి నాలుక దాన్ని పట్టలేదు. ఏ బోరు నీరు, ఏ తేదీన పరీక్షించారు, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు అన్నది పక్కన ఉండాలి. మన దేశ ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము దాకా పరవాలేదు, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు. "మరిగించి తాగితే సరిపోతుంది కదా" అనేవాళ్లకూ వ్యాసంలో జవాబుండాలి: మరిగిస్తే ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్ మిగిలిన నీటిలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) ఫ్లోరైడ్ తీసేయడానికి రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడటానికి కారణం అదే. పెద్దల పేర్లు రాసేముందు వాళ్ల అనుమతి అడగడం మరవవద్దు.

గైడ్ల జోలికి పోనక్కరలేదు. పత్రికల కత్తిరింపులు తేదీతో సహా దాచుకుంటే పనికొస్తాయి. ప్రశ్న అడిగితే వ్యాసమే రాసిచ్చే కృత్రిమ మేధ యాప్‌లు చెప్పిన అంకెను అసలు పత్రంలో కనబడేదాకా వాడవద్దు.

వారం గడువుంటే మొదటి రెండు రోజులు ఊళ్లో తిరగండి, తర్వాత గ్రంథాలయంలో కూర్చోండి. ఒక్క సాయంత్రమే ఉంటే ఫోనే గతి. అప్పుడు పది అంకెలు పోగెయ్యకుండా రెండే తీసుకుని, ఒక్కోదాని పక్కన సంవత్సరం, ప్రాంతం, ఎవరు లెక్కించారు అన్నవి రాసుకున్నాకే మొదటి వాక్యం మొదలుపెట్టండి.