పదక్రీడలకు వన్‌లుక్: వెతకడానికి సరే, తీర్పుకు కాదు

నిఘంటువు తెరవాలంటే ముందు మాట తెలిసి ఉండాలి. ఇంగ్లీషు పదక్రీడల్లో మనకు తెలియనిది సరిగ్గా ఆ మాటే. చేతిలో ఉండేవి రెండు మూడు అక్షరాలు, అవి ఎక్కడ రావాలో, ఏవి రాకూడదో అన్న కొద్దిపాటి సమాచారం మాత్రమే. ఆ సమాచారాన్నే ప్రశ్నగా తీసుకుని మాటల పట్టిక ఇచ్చే వెబ్‌సైట్లు చాలా ఉన్నా, వాటిలో నేను విడవకుండా వాడుతున్నది వన్‌లుక్. అనేక నిఘంటువుల్లోని మాటలను ఒకేచోట వెతికిపెట్టే ఈ సైటు ఉచితం. ప్రతి మాట పక్కనే అర్థం చూసుకునే వీలుండటం వల్ల, పట్టికలో కనిపించిన కొత్త మాట కొంతైనా గుర్తుండిపోతుంది.

దీని బలమంతా కొన్ని గుర్తుల్లో ఉంది. ప్రశ్నార్థకం ఒక్క అక్షరానికి బదులుగా నిలుస్తుంది, నక్షత్రం గుర్తు ఎన్ని అక్షరాలకైనా నిలుస్తుంది. మైనస్ గుర్తు తరువాత రాసిన అక్షరాలున్న మాటలు పట్టికలోకి రావు. జోష్ వార్డిల్ 2021లో అందరికీ అందుబాటులోకి తెచ్చిన, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనుగోలు చేసిన, ఐదక్షరాల మాటను ఊహించాల్సిన వర్డల్ ఆటకు ఈ మూడూ అతికినట్టు సరిపోతాయి. మొదటి రెండు అక్షరాలు ఎస్, పీ అని తేలి, ఈ, ఐ అక్షరాలు లేవని తెలిసినప్పుడు, ఎస్, పీ తరువాత మూడు ప్రశ్నార్థకాలు పెట్టి, మైనస్ గుర్తు వేసి ఆ రెండు అచ్చులనూ రాస్తే స్పార్క్, స్పోర్ట్, స్పూన్, స్ప్రే వంటి మాటలు వరుసగా వస్తాయి. అక్షరాలు ఉన్నాయని తెలిసినా చోటు తెలియనప్పుడు మరొక దారి ఉంది. ముందు రెండు ఏటవాలు గీతలు (//) పెట్టి, డబ్ల్యూ, ఈ రాసి, మూడు ప్రశ్నార్థకాలు చేరిస్తే, ఆ రెండక్షరాలూ ఎక్కడున్నా సరే, వాటర్, అవేక్ వంటి ఐదక్షరాల మాటలన్నీ దొరుకుతాయి. రోజుకు ఒక్క మాటే ఉండే ఆటలో ఇంత పట్టికను ముందేసుకుంటే ఆడుతున్నది మనమా, సైటా అన్న సందేహం న్యాయమైనదే. నేను ఆ రోజు ఆట ముగిశాక, ఇంకా ఏయే మాటలకు అవకాశం ఉండిందో చూసుకోవడానికే దీన్ని వాడతాను.

అక్షరాల బిళ్ళలతో మాటలు కట్టే స్క్రాబుల్ ఆడేవారికి ఇంతకన్నా ఎక్కువ ప్రయోజనం ఉంది, చిక్కు కూడా అక్కడే ఉంది. ఇంగ్లీషు స్క్రాబుల్‌లోని 100 బిళ్ళల్లో క్యూ ఒక్కటే, దాని విలువ 10 పాయింట్లు, దానికి తోడు కావలసిన యూ బిళ్ళలు నాలుగే. అందుకే యూ లేకుండా క్యూ వచ్చే మాటలను కంఠస్థం చేయడం ఈ ఆటలో తొలి పాఠాల్లో ఒకటి. రెండు నక్షత్రాల మధ్య క్యూ రాసి, మైనస్ గుర్తుతో యూను తీసేస్తే, ప్రాణశక్తి అనే అర్థంలో చీనా భాష నుంచి వచ్చిన, క్యూ, ఐ అనే రెండక్షరాల ‘చీ’ మొదలుకొని ఫకీర్, నికాబ్ వరకు కావలసినవన్నీ కళ్ళ ముందుకు వస్తాయి. వాటితో పాటు ఇరాక్, ఖతర్ కూడా వస్తాయి. సంజ్ఞానామాలు స్క్రాబుల్‌లో చెల్లవు. వన్‌లుక్ మాత్రం నిఘంటువుల్లో ఉన్న పేర్లనూ, రెండు మూడు మాటల పదబంధాలనూ ఏరివేయకుండా చూపిస్తుంది. క్రాస్‌వర్డ్ పూరించేవారికి ఇది వరం. స్క్రాబుల్ నేర్చుకుంటున్న పిల్లల ముందు ఇదే పట్టికను ఉంచితే, ఏది చెల్లుతుందో ఏది చెల్లదో పెద్దలు పక్కన కూర్చుని చెప్పవలసి వస్తుంది.

ప్లస్ గుర్తు విషయంలోనూ ఇటువంటి జాగ్రత్తే అవసరం. నక్షత్రం తరువాత ప్లస్ పెట్టి బీ, ఏ, ఎన్ రాస్తే ఆ మూడక్షరాలతోనే కూడిన మాటలు వస్తాయి, కానీ ఒక్కో అక్షరం ఎన్నిసార్లయినా రావచ్చు గనుక ‘బనానా’ కూడా వాటిలో ఉంటుంది. ఇచ్చిన అక్షరాలను మళ్ళీ మళ్ళీ వాడుకోనిచ్చే న్యూయార్క్ టైమ్స్ వారి స్పెల్లింగ్ బీ ఆటకు ఇది సరిగ్గా తగిన పద్ధతి. చేతిలో ఒక్క బీ, ఒక్క ఏ, ఒక్క ఎన్ ఉన్న స్క్రాబుల్ ఆటగాడికి అది పనికిరాదు. ఏటవాలు గీతల పద్ధతిలో అయితే ఇచ్చిన అక్షరాలన్నీ ఖర్చయ్యే మాటలు దొరుకుతాయి. ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టీ అన్న ఏడింటినీ ఇస్తే రిటైన్స్, నాస్టియర్, రెటినాస్ వస్తాయి. ఏడు బిళ్ళలనూ ఒకేసారి పరిస్తే దక్కే 50 పాయింట్ల అదనపు లాభానికి సాధన చేసేవారికి ఇది చాలు. ఏడింటిలో నాలుగో ఐదో వాడి మంచి మాట కట్టాలనుకునేవారు మాత్రం స్క్రాబుల్ కోసమే తయారుచేసిన సాధనాలను ఆశ్రయించడం మేలు.

క్రాస్‌వర్డ్ కోసం ఉన్న సౌకర్యం గురించి ఒక్క మాట: అక్షరాల తరువాత కోలన్ పెట్టి ఒక భావాన్ని రాస్తే, ఆ భావానికి దగ్గరి మాటలే వస్తాయి. బీ, ఎల్ తరువాత నక్షత్రం, కోలన్, ఆపై మంచుకు ఇంగ్లీషు మాట రాస్తే బ్లిజర్డ్ దొరుకుతుంది. ది హిందూలోని గూఢార్థ క్రాస్‌వర్డ్‌తో కుస్తీ పట్టేవారు ఒకసారి ప్రయత్నించి చూడవచ్చు.

ఇక స్క్రాబుల్‌లో మాట చెల్లుతుందా, చెల్లదా అన్న తగాదా వస్తే వన్‌లుక్‌ను తెరవకండి. బ్రిటన్‌లోనూ మన దేశంలోనూ పోటీలకు చెల్లే మాటల కాలిన్స్ జాబితా ప్రమాణం, ఉత్తర అమెరికా జాబితా వేరు. రెండక్షరాల మాటలు కాలిన్స్‌లో 127 ఉంటే, అమెరికా జాబితాలో 107 మాత్రమే. జడలబర్రెకూ ఆవుకూ పుట్టిన హిమాలయ పశువు పేరు ‘జో’ను జడ్, ఓ అక్షరాలతో హైదరాబాద్‌లో పరిస్తే పాయింట్లు వస్తాయి, డల్లాస్‌లో రావు. అక్కడి అన్నయ్య పిల్లలతో ఆన్‌లైన్‌లో ఆడేవారు మొదటి బిళ్ళ వేయకముందే ఏ జాబితా ప్రకారం ఆడుతున్నారో తేల్చుకోవాలి, వెతుకులాట కోసం వన్‌లుక్‌ను వేరే తెరలో ఉంచుకోవాలి.