రాయగడలో కారు మెయిన్ ఫ్యూజు పరీక్ష: ఒక ఆటో ఎలక్ట్రికల్ దుకాణం గురించి

రాయగడ నుంచి జేకేపూర్ వెళ్ళే దారిలో ఉన్న ఈ ఆటో ఎలక్ట్రికల్ దుకాణానికి చెప్పుకోదగ్గ బోర్డు లేదు, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి బల్ల కూడా లేదు. అయినా కారులో కరెంటు పూర్తిగా పోయిందని ఎవరైనా అడిగితే నేను ఈ చోటే చెబుతాను. కాలిపోయిన మెయిన్ ఫ్యూజును పట్టుకోవడంతో పని అయిపోయిందని ఇక్కడి మేస్త్రి అనుకోడు. అది ఎందుకు కాలిందో తేలేవరకు కొత్తది బిగించడు.

ఛార్జింగుకు ఇచ్చిన మా కారు బ్యాటరీని తిరిగి అమర్చిన చోట ప్లస్, మైనస్ తీగలను తారుమారు చేశారు. తరువాత సరిచేసి బిగించినా తాళం తిప్పితే డాష్‌బోర్డులో ఒక్క దీపమూ వెలగలేదు, హారన్ పలకలేదు. మొదట చూసినవాళ్ళు స్టీరింగు కింది చిన్న ఫ్యూజులన్నీ ఊడదీసి, అన్నీ బాగున్నాయని నిర్ధారించి, వైరింగు మొత్తం మార్చాలన్నారు. ఎరుపు 10, నీలం 15, పసుపు 20 ఆంపియర్లుగా ఉండే ఆ చిన్న ఫ్యూజులకు కరెంటు అందేదే బోనెట్ కింది మెయిన్ ఫ్యూజు గుండా. అక్కడ తెగిపోతే ఇవి ఎంత బాగుండి ఏం లాభం?

తాడు కట్టి లాగించుకుని వచ్చిన కారును చూడగానే మేస్త్రి ముందు బ్యాటరీని కొలిచాడు, 12.6 వోల్టులు, అంటే నిండుగానే ఉంది. తరువాత బల్బు టెస్టర్ క్లిప్పును బ్యాటరీ మైనస్‌కు తగిలించి, మొనను మెయిన్ ఫ్యూజుకు బ్యాటరీ వైపున్న బోల్టు మీద పెడితే వెలిగింది, రెండో బోల్టు మీద పెడితే వెలగలేదు. ఫ్యూజును విప్పకుండానే తెగిందని తేల్చే ఈ పరీక్షకు నిమిషం కూడా పట్టదు. చేతిలో మంచి మల్టీమీటర్ ఉండగా బల్బు ఎందుకని అడిగాను. సన్నని పగులు వచ్చిన ఫ్యూజు గుండా కూడా మీటరు 12 వోల్టులు చూపించగలదని, మీటరు దాదాపు కరెంటు తీసుకోదు గనుక ఆ పగులు బయటపడదని, బల్బు కాస్త కరెంటు లాగుతుంది గనుక మసకబారి పట్టిస్తుందని ఆయన చెప్పాడు. ఇది నిజమే.

విప్పేటప్పుడు కూడా ఆయన పద్ధతి తప్పలేదు. మొదట బ్యాటరీ మైనస్ తీగను తీసి పక్కకు వంచాడు. పిడి దాకా నల్ల టేపు చుట్టిన స్పానర్‌తో నట్లు వదులు చేసి, ఫ్యూజును బయటకు తీసి, నూనె మరకలు పట్టిన దాని చిన్న కిటికీని గుడ్డతో తుడిచి చూపించాడు: 80 అనే అంకె పక్కనే లోపలి లోహపు పట్టీ రెండుగా విడిపోయి, చివరలు నల్లగా ఉండలు కట్టి ఉన్నాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తరువాతి పని. ఫ్యూజు ఉండాల్సిన రెండు బోల్టుల మధ్య ఆయన పాత హెడ్‌లైటు బల్బును రెండు తీగలతో కలిపి, బ్యాటరీ మైనస్‌ను తిరిగి తగిలించాడు. తాళం తిప్పకుండానే బల్బు భగ్గున వెలిగింది. అవతల ఎక్కడో షార్టు ఉందన్నమాట. కొత్త ఫ్యూజు వేసి ఉంటే అదీ అప్పుడే కాలిపోయేది, బల్బు మాత్రం అయిదు ఆంపియర్లకు మించి పోనివ్వదు. మైనస్ మళ్ళీ తీసి, ఇంజను నడుస్తుండగా కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వెనుక ఉన్న లావుపాటి తీగను విడదీసి, కొన మీద రబ్బరు తొడిగి, మైనస్‌ను తిరిగి తగిలించి చూస్తే బల్బు వెలగలేదు. తారుమారైన బ్యాటరీ ధాటికి ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు, అంటే కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగాలు, పోయాయి.

డయోడ్ల ప్లేటు ఆయన దగ్గరే దొరికింది గానీ 80 ఆంపియర్ల ఫ్యూజు లేదు. విజయనగరం నుంచి బస్సు పార్సిలులో రావాలన్నాడు. నేను ఓపిక పట్టలేక, “మేస్త్రీ, ఈలోగా తీగ ముక్క వేసి పంపెయ్యకూడదా?” అన్నాను.

“వద్దు బాబూ. ఫ్యూజు ఆపినట్టు తీగ ఆపదు. వైరింగు అంటుకుంటాది.”

ఫ్యూజు దగ్గర లేకపోవడం దుకాణం లోపమే. ఎక్కువగా వాడే బోల్టు ఫ్యూజులు నాలుగు రకాలైనా నిల్వ ఉంచుకోకపోతే దూరం నుంచి వచ్చినవాళ్ళకు ఇబ్బంది. రాతపూర్వకంగా బిల్లు ఇవ్వకపోవడం, చెప్పిన సమయానికి పని మొదలుపెట్టకపోవడం కూడా ఉన్నాయి. ధర విషయంలో ఫిర్యాదు లేదు. వైరింగు మార్పిడికి మొదటి చోట చెప్పిన అంచనాతో పోలిస్తే విడిభాగాలు, కూలి కలిపినా చాలా తక్కువే అయింది.

ఫ్యూజు వచ్చాక నట్లు గట్టిగా బిగించి, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.2 వోల్టులు చూపించి, హెడ్‌లైట్లు వేసి ఫ్యూజు రెండు కొసల మధ్య తేడా కొన్ని మిల్లీవోల్టులే ఉందని కూడా నాకు చదివి వినిపించాడు. చైత్రంలో మజ్జిగౌరమ్మ జాతరకు ఊరు కిక్కిరిసి ఉంటుంది గనుక, ఆ రోజుల్లో పాడైన కారును లాగించుకుని వచ్చేవాళ్ళు తెల్లవారకముందే చేరుకోవడం మంచిది.