మోటార్‌హోమ్‌లో భోజనానికి కూర్చునే చోటు: బల్ల కంటే ముందు బెల్టు చూడాలి

మోటార్‌హోమ్, అంటే పడకలు, వంటిల్లు అన్నీ లోపలే ఉండే ప్రయాణపు బండి, కొనే ఆలోచనలో ఉన్న మిత్రులు ముందుగా అడిగేది పడకల సంగతి, ఆ తరువాత బాత్‌రూమ్ సంగతి. భోజనానికి కూర్చునే చోటు గురించి అడిగేవారు చాలా తక్కువ. కానీ పాతిక, ముప్పై అడుగుల బండిలో ఇంటిల్లిపాదీ మెలకువగా ఉన్నంతసేపూ గడిపేది ఎక్కువగా అక్కడే. అన్నం తినేది అక్కడ, బండి నడుస్తున్నప్పుడు పిల్లలు బెల్టు పెట్టుకుని కూర్చునేది అక్కడ, రాత్రి బల్ల దించితే మంచమయ్యేది అదే, ఆ బెంచీల కింద బియ్యం సంచీ, కుక్కరు సర్దుకునేదీ అక్కడే. ఇన్ని పనులు చేసే సీటును కేవలం భోజనాల బల్లగా చూసి ఎంచుకోకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ప్రయాణంలో కూర్చునే సీటుగా అది ఎంత భద్రమైనదన్నదే మొదటి పరీక్ష. మెత్తదనం, అందం, విశాలం అన్నీ ఆ తరువాతి మాటలు.

మేము న్యూజెర్సీలో ఉంటాము. పెన్సిల్వేనియాలోని హెర్షీలో ఏటా సెప్టెంబరులో జరిగే పెద్ద ఆర్వీ (ఇలాంటి బళ్లకు ఇక్కడి పొట్టి పేరు) ప్రదర్శనకు ఇక్కడి నుంచి కారులో వెళ్లి రావచ్చు. రకరకాల కంపెనీల బళ్లలోకి ఎక్కి, సీట్లలో తీరికగా కూర్చుని చూసే అవకాశం అక్కడ దొరుకుతుంది. అద్దెకు తీసుకున్న బళ్లలోను, ఇప్పుడు మా సొంతమైన క్లాస్ సి బండిలోను (వ్యాన్ ముందుభాగాన్ని అలాగే ఉంచి వెనక ఇల్లు కట్టే రకం; మాది ఫోర్డ్ ఈ-450 చాసిస్, అంటే అడుగు చట్రం, మీద కట్టినది) మాకు కలిగిన అనుభవాన్ని, ప్రదర్శనలో చూసినవాటిని కలిపి ఈ సమీక్ష రాస్తున్నాను. మా ఇద్దరు పిల్లలతో పాటు, వేసవిలో గుంటూరు నుంచి వచ్చే అత్తయ్యగారు, మావయ్యగారు కూడా మాతో ప్రయాణిస్తారు గనుక, చిన్నవాళ్ల అవసరమూ పెద్దవాళ్ల అవసరమూ రెండూ నా దృష్టిలో ఉన్నాయి.

రెండు బెంచీలు ఎదురెదురుగా ఉండి మధ్యలో బల్ల ఉండే అమరికను ఇక్కడ బూత్ డైనెట్ అంటారు. క్లాస్ సి బళ్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. ఇందులో ఒక బెంచీ బండి ముందువైపుకు, రెండోది వెనకవైపుకు తిరిగి ఉంటాయి. చూడటానికి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ పిల్లల విషయంలో వాటి మధ్య చాలా తేడా ఉంది. పిల్లల కోసం విడిగా కొనే కారు సీటును ముందుకు తిరిగిన వాహన సీటు మీదనే బిగించాలని ఆ సీట్లతో పాటు వచ్చే సూచనల పుస్తకాలు చెబుతాయి. వెనక్కి తిరిగిన బెంచీ మీద గానీ, గోడవారగా పక్కకు తిరిగిన సోఫా మీద గానీ బిగించడానికి వీల్లేదు. అంతేకాక ఆ ముందుకు తిరిగిన బెంచీకి ఉన్న బెల్టు ఏ రకమో చూడాలి. చాలా బళ్లలో నడుముకు మాత్రమే పెట్టుకునే బెల్టు ఉంటుంది. సొంత పట్టీలున్న కారు సీటును దానితో బిగించవచ్చునేమో గానీ, బూస్టర్ (ఎత్తు పెంచే పీట) మీద కూర్చునే వయసు పిల్లలకు భుజం మీదుగా వచ్చే మూడు బిందువుల బెల్టు తప్పనిసరి. న్యూజెర్సీ చట్టం ప్రకారం 8 ఏళ్లలోపు వయసు, 57 అంగుళాలలోపు ఎత్తు ఉన్న పిల్లలు కారు సీటులో గానీ బూస్టర్ మీద గానీ కూర్చోవాలి. మా పెద్దమ్మాయి సరిగ్గా ఆ వయసులో ఉన్నప్పుడు బండి వెతికాము గనుక, నడుము బెల్టు మాత్రమే ఉన్న బళ్లన్నిటినీ, అవి ఎంత ముచ్చటగా ఉన్నా సరే, పక్కన పెట్టేశాము.

బెల్టు ఉన్నంత మాత్రాన సరిపోదు, అది దేనికి కట్టి ఉందో చూడాలి. అమెరికా ఫెడరల్ మోటారు వాహన భద్రతా ప్రమాణాలలో 210వది బెల్టు బిగింపుల గురించి చెబుతుంది. నడుము బెల్టు బిగింపులు 5,000 పౌండ్ల లాగుడుకు, మూడు బిందువుల బెల్టయితే నడుము భాగం 3,000 పౌండ్లకు, భుజం భాగం 3,000 పౌండ్లకు ఒకేసారి తట్టుకోవాలి. కంపెనీ నుంచి వచ్చిన బండిలో ముందుకు గానీ వెనక్కి గానీ తిరిగి, బెల్టు ఉన్న సీటు ఈ పరీక్షకు నిలబడాలి. మనం చూడగలిగింది కూడా కొంత ఉంది. బెంచీ మీది మెత్తను పక్కకు తీసి, కింది ప్లైవుడ్ మూత ఎత్తి, టార్చి వేసి చూడండి. మెత్తకూ వీపు ఆనే పలకకూ మధ్యనున్న సందులోంచి బెల్టు పట్టీ కిందికి దిగి, ఇనుప చట్రానికి లావుపాటి బోల్టుతో బిగించి కనిపించాలి; ఆ చట్రం కాళ్లు నేలలోంచి కిందికి, చాసిస్‌కు పట్టుకొని ఉండాలి. బెంచీ పెట్టె మాత్రం చాలా బళ్లలో పలుచని ప్లైవుడ్‌తో, స్టేపుల్ పిన్నులతో కట్టినదే ఉంటుంది, అది మన బరువు మోయడానికి చాలు. బెల్టును మోయాల్సింది ఆ చెక్క కాదు, ఇనుము. ప్రదర్శనలో అమ్మేవారు ఫ్రిజ్జు తెరిచి చూపిస్తారు, టీవీ పైకి లేపి చూపిస్తారు. బెంచీ మూత ఎత్తి చూపించమని మనమే అడగాలి, అడిగితే కాదనేవారు లేరు.

ఇక భోజనం సంగతి. బూత్ బెంచీ వెడల్పు బండిని బట్టి దాదాపు 38 అంగుళాల నుంచి 44 అంగుళాల దాకా ఉంటుంది. 38 అంగుళాలలో ఇద్దరు పెద్దవాళ్లు పక్కపక్కన కూర్చుంటే కలిపిన ముద్ద నోటి దాకా తీసుకెళ్లే మోచేయి పక్కవాళ్లకు తగులుతూనే ఉంటుంది. చెంచాతో తినేవారికి తెలియని ఇబ్బంది ఇది. 44 అంగుళాల బెంచీ మీద ఇద్దరు హాయిగా తినవచ్చు, ఒక్కరే అయితే బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చు. అత్తయ్యగారికి కాళ్లు వేలాడేసుకుని తినే అలవాటు లేదు. విడి కుర్చీలో ఇరుకుగా ఉంటుందనే ఆవిడ, బూత్ మూలకు జరిగి, వీపు కిటికీ గోడకు ఆనించి, కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుని పెరుగన్నం తినేటప్పుడు సొంత ఇంట్లో ఉన్నట్టే ఉందన్నారు. మన ఇళ్లలో ఈ అలవాటున్న పెద్దలు ఎందరో ఉన్నారు గనుక బెంచీకి నేను ఇచ్చే మార్కుల్లో ఇది చిన్నది కాదు.

బల్ల కాళ్ల గురించి ఎవరూ ముందుగా హెచ్చరించరు. నేలలోని గిన్నెల్లాంటి దిమ్మెల్లో గుచ్చిన రెండు గొట్టాల మీద బల్లను నిలబెట్టే పాత పద్ధతి ఇంకా చాలా బళ్లలో ఉంది. మోకాళ్లకు అడ్డం రావడం ఒక లోపమైతే, ఎవరు చేయి ఆనించినా సాంబారు గిన్నె కదలడం ఇంకో లోపం. రాత్రి మంచం చేయాలంటే బల్లను ఎత్తి, గొట్టాలు ఊడబెరికి, పక్కన పెట్టాలి. థోర్ కంపెనీ డ్రీమ్ డైనెట్ అన్న పేరుతో ఇచ్చే అమరికలో నేలకు కాళ్లే లేవు. గోడవైపు యంత్రం మీద నిలిచి, బల్ల యథాతథంగా కిందికి దిగుతుంది. నేను కూర్చుని చూసిన వాటిలో మోకాళ్లకు ఇంత సుఖమైన బల్ల ఇంకోటి లేదు. నేల తుడవడం కూడా తేలిక. విన్నెబాగో వారు బెంచ్‌మార్క్ పేరుతో ఇచ్చే బూత్‌లో మెత్తలు బాగుంటాయి, వీపుకు మంచి ఆనిక దొరుకుతుంది. ఏ కంపెనీదైనా సరే, రెండు కొలతలు టేపుతో తీసుకోండి: మెత్త పైనుంచి బల్ల పైభాగానికి 10 నుంచి 12 అంగుళాల ఎత్తు ఉండాలి, బల్ల దించాక పడుకునే పొడవు ఎంతో చూడాలి. ఆ పొడవు చాలా బళ్లలో ఆరడుగుల చుట్టుపక్కలే ఉంటుంది. పిల్లలకు అది చాలు, పొడగరి పెద్దవాళ్లకు చాలదు; మెత్తల అతుకులు కూడా వీపుకు తెలుస్తాయి.

విడి బల్ల, నాలుగు కుర్చీలు ఉండే అమరిక బస్సులా కనిపించే పెద్ద క్లాస్ ఏ బళ్లలో ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న మావయ్యగారికి అన్నిటికంటే నచ్చింది ఇదే, అందుకు కారణమూ ఉంది. బూత్‌లోకి వెళ్లాలంటే ఒంగి, పక్కకు జరుగుతూ వెళ్లాలి. కొన్ని బళ్లలో బూత్‌ను నాలుగైదు అంగుళాల మెట్టు మీద కడతారు, అది పెద్దవాళ్లకు రాత్రివేళ ప్రమాదం. కుర్చీ అయితే లాక్కుని కూర్చోవచ్చు, లేవడానికి బల్లను పట్టుకోవచ్చు. కానీ ఆ కుర్చీలను తిప్పి చూస్తే, బండి కదులుతున్నప్పుడు వాడకూడదని రాసిన చీటీ అంటించి ఉంటుంది. అవి నిలిపి ఉంచిన బండికి మాత్రమే పనికొచ్చే కుర్చీలు, ప్రయాణంలో వాటిని పట్టీలతో కట్టివేయాలి. ఇద్దరే తిరిగే విశ్రాంత దంపతులకు ఇది చక్కని ఎంపిక, ఎందుకంటే వారికి ముందున్న రెండు సీట్లే చాలు. మనవలను తీసుకెళ్లే ఆలోచన ఉంటే మాత్రం వాళ్లకు బెల్టు ఎక్కడుందో ముందే తేల్చుకోవాలి.

యు ఆకారపు డైనెట్ చూడగానే ఆకట్టుకుంటుంది, ఆరుగురు చుట్టూ కూర్చోవచ్చు. మూలన కూర్చున్నవారు లేవాలంటే పక్కవారందరూ లేవాలి. ఒకేచోట వారాల తరబడి మకాం వేసేవారికి బాగుంటుంది, నాకు మాత్రం నచ్చలేదు. ర్యామ్ ప్రోమాస్టర్ మీద కట్టే చిన్న వ్యాన్లలో డ్రైవరు సీటు, పక్క సీటు వెనక్కి తిరిగి, వెనకనున్న బెంచీకి ఎదురవుతాయి. మధ్యలో చిన్న బల్ల. ఇద్దరు ముగ్గురికి ఇంతకంటే తెలివైన అమరిక లేదు, ఒక్క సీటు కూడా వృథా కాదు.

మెత్తల విషయానికి వస్తే, ఫోమ్ మందం అడిగితే అందరూ చెబుతారు, సాంద్రత అడిగితే కొందరే చెప్పగలుగుతారు. ఘనపుటడుగుకు 1.8 పౌండ్ల కంటే తక్కువ సాంద్రత ఉన్న ఫోమ్ త్వరగా అణగారిపోయి, కింది చెక్క తెలుస్తుంది. 2.5 పౌండ్ల ఫోమ్ వేయించుకుంటే ఖర్చు కొంత పెరిగినా ఏళ్ల తరబడి నిలబడుతుంది. పైకవరు విషయంలో నా సలహా సూటిగా చెబుతాను: బాండెడ్ లెదర్ అన్నది వద్దు. అది తోలు పొడిని అతికించి, పైన పలుచగా పాలీయురితేన్ పూత పూసిన సరుకు. ఎండకు కాగే బండిలో ఆ పూత కొన్నేళ్లకే పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది. మేము అద్దెకు తీసుకున్న ఒక బండిలో ఆ పెచ్చులు కూర్చున్నవారి బట్టలకే కాక అన్నం పళ్లేలకు కూడా అంటుకున్నాయి. మంచి వినైల్ గానీ, జిప్పు తీసి ఉతుక్కోగలిగిన గట్టి బట్ట గానీ నయం.

పసుపు మరకలకు తట్టుకునేది ఏది అన్నది మన వంటింటి ప్రశ్న, దీనికి అమ్మేవారి దగ్గర జవాబు దొరకదు. పసుపులోని రంగు పదార్థం కుర్కుమిన్ నూనెలో కరుగుతుంది, నీటిలో దాదాపుగా కరగదు. అందుకే తడిగుడ్డతో తుడిస్తే మరక పోకపోగా ఇంకా పరుచుకుంటుంది. అయితే అది ఎండకు విరిగిపోయే రంగు. మా చిన్నవాడు జారవిడిచిన పప్పన్నం మెత్త కుట్టు వెంబడి ఇంకిపోతే, గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో కడిగి, జిప్పు తీసి కవరును క్యాంపు బల్ల మీద మధ్యాహ్నమంతా ఎండలో ఆరబెట్టాము. సాయంత్రానికి లేత పసుపు చాయ మాత్రమే మిగిలింది, మరుసటి ఎండకు అదీ పోయింది. కవరు ఊడిరాకుండా చెక్కకు పిన్నులు కొట్టి బిగించిన బెంచీలకు ఈ సౌకర్యం లేదు. అందుచేత మెత్తల వెనక జిప్పు ఉందో లేదో కొనేముందే తిప్పి చూడండి.

ఇవన్నీ బేరీజు వేసుకుని మేము తీసుకున్నది 44 అంగుళాల బూత్. ముందుకు తిరిగిన బెంచీకి మూడు బిందువుల బెల్టులు రెండు ఉన్నాయి. ఫోమ్ మార్పించాము, కంపెనీ చట్రాన్ని, బెల్టులను తాకలేదు. మావయ్యగారి కోసం బల్ల చివర నడవలో వేసుకునే మడత కుర్చీ ఒకటి ఉంచుకున్నాము. బండి ఆగాక తీసి వేస్తాము, ప్రయాణంలో ఆయన వెనక్కి తిరిగిన బెంచీ నడవవైపు చివరన, బెల్టు పెట్టుకుని కూర్చుంటారు. చిన్నపిల్లలున్న ఇంటికి నేను నిస్సంకోచంగా చెప్పేది ఈ రకమే.

పాత బండి కొనేవారికి ఇంకో మాట చెప్పాలి. సీట్ల మీద ఫ్లెక్స్‌స్టీల్ పేరు కనబడితే అవి గట్టి సీట్లే. 1893లో మొదలైన ఆ కంపెనీ 2020లో వాహనాల సీట్ల వ్యాపారం నుంచి తప్పుకుంది గనుక, అదే బట్ట, అదే భాగాలు దొరుకుతాయన్న లెక్క వేసుకోకండి. కొత్త కవర్లు కుట్టించేటప్పుడు బట్ట ఫెడరల్ ప్రమాణం 302కు సరిపోతుందా అని అడగండి. నిమిషానికి 4 అంగుళాల కంటే వేగంగా మంట పాకకూడదన్నది ఆ నియమం, గ్యాస్ పొయ్యి రెండడుగుల దూరంలో ఉండే చోట అది చాలా అవసరం. బూత్ తీసేసి విడి కుర్చీలు వేసిన బండిని ఎవరైనా అమ్మజూపితే, తలుపు దగ్గర అంటించిన బరువుల చీటీ చదవండి. బెల్టులున్న సీట్లు ఎన్నో ఆ చీటీ మీద కంపెనీ అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకెనూ, ఇప్పుడు లోపల నిజంగా కనిపించే బెల్టులనూ పక్కపక్కన లెక్కపెట్టి, తేడా ఉంటే తీసేసిన బెంచీ, దాని ఇనుప చట్రం ఎక్కడున్నాయో అడిగి, అవి తిరిగి బిగించి ఇచ్చేదాకా బేరం కుదుర్చుకోకండి.