షీట్ కేక్ ట్రే కొంటున్నారా? స్టిక్కర్ మీది లోతు నమ్మకండి

హైదరాబాద్ బేగంబజార్‌లో గానీ, ఇంటి దగ్గరి బేకింగ్ సామాన్ల షాపులో గానీ షీట్ కేక్ (ట్రేలో పలకలా కాల్చే కేకు) కోసం అల్యూమినియం ట్రే కొనబోతున్నవాళ్లు దయచేసి ఒక స్కేలు వెంట తీసుకెళ్లండి. '13 × 9 × 2 అంగుళాలు' అని స్టిక్కర్ అంటించిన ట్రే కొని నేను ఒక ఆర్డరు పోగొట్టుకున్నాను. ఇంకొకరికి అలా జరగకూడదనే ఈ పోస్టు.

పుట్టినరోజుకి చాక్లెట్ షీట్ కేక్ అడిగారు. ఆ సైజు ట్రేకి ఎప్పుడూ వాడే కొలతలే వేశాను. ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) పెట్టిన కాసేపటికే పిండి పొంగి, అంచు దాటి కింది రాడ్ మీద పడింది. వంటగదంతా పొగ, మాడు వాసన. స్విచ్ ఆపేయక తప్పలేదు. చుట్టూ గట్టిపడి మధ్యలో కూలిన కేకుని పిల్లల ముందు పెట్టమని ఎవరికి ఇస్తాం? అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాను.

ట్రే కడిగి లోపల స్కేలు నిటారుగా నిలబెట్టి చూశాను. లోతు ఒకటిన్నర అంగుళం కూడా లేదు. మరి ఆ రెండు ఎక్కడిది? గోడలు బయటికి వాలి ఉన్నాయి. ఆ వాలు వెంబడే స్కేలు ఆనించి, పైన చుట్టిన అంచుని కూడా కలుపుకుంటే అప్పుడు రెండు అవుతోంది. పొడుగు, వెడల్పు కూడా పైన కొలిస్తేనే 13, 9. అడుగున 12, 8 మాత్రమే. తర్వాత కొలిచి నీళ్లు పోశాను. నిజమైన 13 × 9 × 2 ట్రేకి దాదాపు 3.8 లీటర్లు పట్టాలి. ఇది రెండున్నర లీటర్లకే అంచు దాకా నిండిపోయింది. అంటే సగానికి వస్తుందని లెక్కేసిన పిండి ఇందులో ముప్పావు వంతు దాటుతుంది. షీట్ కేక్‌కి సగం నుంచి మూడింట రెండు వంతుల దాకానే పోయాలి. ఆపైన పోస్తే పొంగడానికి చోటేదీ?

షాపుకి తీసుకెళ్లి చూపిస్తే, "వాడిన సామాన్ వాపస్ తీస్కోం మేడం. సైజంటే పొడుగు, వెడల్పు. లోతు ఎవరు చూస్తరు?" అన్నారు. నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఈ మాటే. కేకు పొంగేది పైకే కదండీ!

అదే షాపులో 'షీట్ కేక్ ట్రే' అని ఒక అంగుళం లోతువి కూడా చూపించారు. అవీ 13 × 9 లే, కానీ పట్టేది సగమే. స్విస్ రోల్‌కి, కుకీలకి బాగుంటాయి. రెండు అంగుళాల ట్రే కొలతలు అందులో వేస్తే పిండి పొంగిపోతుంది. ఆన్‌లైన్‌లో కూడా వట్టి '13 × 9' అని ఉంటే లోతెంతో అడగకుండా కొనకండి.

"అయితే మూడు అంగుళాలది తీసుకోండి" అనేవాళ్లూ ఉంటారు. పిండి పల్చగా పరిస్తే ఎత్తు గోడలు వేడికి అడ్డుపడి పైభాగం సరిగ్గా రంగు రాదు. నిండుగా పోస్తే చిన్న ఓటీజీలో కేకు పైరాడ్‌కి దగ్గరైపోయి, లోపల ఉడకకముందే పైన మాడుతుంది. ఇంట్లో చేసే మామూలు షీట్ కేక్‌కి నిటారు గోడలున్న రెండు అంగుళాల ట్రేనే నా ఓటు. కొనేముందు ఓవెన్ లోపలి కొలత కూడా రాసుకెళ్లండి. ట్రే చుట్టూ ఒక అంగుళమైనా గాలి ఆడాలి. బేకరీల్లో వాడే 18 × 13 ట్రేలు మన ఇళ్లలోని మామూలు ఓటీజీల్లో పట్టవు.

బిల్లు తప్పకుండా తీసుకోండి. దాని కింద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని అచ్చేసినా భయపడకండి. లోపమున్న వస్తువుని బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. నేను స్టిక్కర్ ఫొటో, స్కేలుతో తీసిన ఫొటో, బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ఇలాంటి ట్రే మీ ఇంట్లో కూడా ఉంటే, స్టిక్కర్ పీకేయకముందే ఒకసారి నీళ్లు పోసి కొలిచి చూడండి.