గో భాషలో ఇంటర్వ్యూకి ‘ఎ టూర్ ఆఫ్ గో’: అనంతపురం నుంచి ఒక సమీక్ష

జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో పనిచేసిన అనుభవంతో, అంతగా పరిచయం లేని గో అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో ఇంటర్వ్యూకి అనంతపురంలోని ఇంటి నుంచే సిద్ధమైన నాకు, ఆ భాష అధికారిక వెబ్‌సైటులో ఉచితంగా లభించే ‘ఎ టూర్ ఆఫ్ గో’ అనే పాఠాల వరుస ఎంతో మేలు చేసింది. కోడును బ్రౌజరులోనే రాసి నడపవచ్చు. మన కంప్యూటరులో ఇన్‌స్టాల్ చేసుకుంటే ఇంటర్నెట్ లేకున్నా చదువుకోవచ్చు. నెట్ నిలకడగా అందని పల్లెల విద్యార్థులకు ఇది చిన్న సౌకర్యం కాదు.

అన్నిటిలోకీ విలువైనది స్లైసుల పాఠం. అర్రే అంటే వరుసగా పేర్చిన విలువల జాబితా; అందులో కొంత భాగాన్ని చూపేది స్లైసు. ఒకే అర్రే మీద ఆధారపడిన రెండు స్లైసులలో ఒకదాని విలువను మారిస్తే రెండోదానిలోనూ అది మారుతుందని, అపెండ్ చేసేటప్పుడు, అంటే చివర కొత్త విలువను చేర్చేటప్పుడు, చోటు చాలకపోతే కొత్త అర్రే ఏర్పడుతుందని స్వయంగా నడిపి చూసినప్పుడే మనసుకు ఎక్కుతుంది. జావా నుంచి వచ్చేవారు తడబడేది సరిగ్గా ఇక్కడే. గోలో క్లాసులు (డేటాను, దానిపై పనిచేసే ఫంక్షన్లను కలిపి ఉంచే నమూనాలు) లేవని, ఎర్రర్‌ను ఫంక్షను తిరిగి ఇచ్చే విలువగా చూడాలని కూడా పాఠాలు స్పష్టంగా చూపుతాయి. 2022లో 1.18 వెర్షనుతో వచ్చిన జెనెరిక్స్ (ఒకే కోడును వేర్వేరు రకాల డేటాకు వాడుకునే సదుపాయం) గురించి మాత్రం క్లుప్తంగానే ఉంది.

గోరుటీన్లు (ఏకకాలంలో నడిచే పనులు), మ్యూటెక్సులు (ఒకసారికి ఒక్క పనే డేటాను తాకేలా చూసే తాళాలు) కలిసే వెబ్ క్రాలర్ (లింకుల వెంట వెళ్తూ వెబ్ పేజీలను తెచ్చే ప్రోగ్రాం) అభ్యాసాన్ని జవాబు వెతకకుండా పూర్తిచేయాలని నా గట్టి సలహా. కోడు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్టులు రాయడం, అతి చిన్న విలువను త్వరగా అందించే హీప్ ప్యాకేజీని వాడడం ఈ టూర్‌లో లేవు కాబట్టి, జావాలో ఇదివరకే సాధించిన ప్రోగ్రామింగ్ లెక్కలను గోలో తిరగరాస్తూ వాటిని విడిగా నేర్చుకోవాలి.