లండన్ రౌండ్‌హౌస్: స్తంభం వెనక సీటుకి 99 పౌండ్ల 45 పెన్స్

లండన్‌లో కామ్డెన్ దగ్గరున్న రౌండ్‌హౌస్‌లో లైవ్ మ్యూజిక్ వినాలనుకునేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా. హాలు అద్భుతం, అందులో రెండో మాట లేదు. కానీ వెళ్తే కింద నిలబడే టికెట్టే కొనండి. ఒకరు కొన్న టికెట్లని తిరిగి అమ్మే రీసేల్ సైట్ల జోలికి మాత్రం పోకండి. మా ఆడపడుచు, నేను కలిసి 198.90 పౌండ్లు వదిలించుకున్నాక చెబుతున్న మాట ఇది.

మేం చూసేసరికి అసలు టికెట్లు అయిపోయాయి. పేరు చెప్పను గానీ, ఒక రీసేల్ సైట్‌లో పక్కపక్కన రెండు బాల్కనీ సీట్లు కనిపించాయి, ఒక్కోటి 82 పౌండ్లు. కార్డు నంబరు కొట్టాక, అప్పుడు తాపీగా సర్వీస్ ఫీజు అంటూ టికెట్‌కి 17.45 కలిపింది. పైన ఎర్రటి గడియారం వెనక్కి పరిగెడుతోంది, పక్కన "ఈ సీట్లని ఇంకా చాలామంది చూస్తున్నారు" అని ఒకటే టెన్షన్. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం రీసేల్ టికెట్‌కి అసలు ధర ఎంతో కొనేవాళ్లకి ముందే చూపించాలి. చూపించారు, కాదనను. ఒక బాణం గుర్తు నొక్కితే తెరుచుకునే చోట, బూడిద రంగు అక్షరాల్లో: 40 పౌండ్లు. టికెట్ చేతికొచ్చాక దాని మీద ఇంకో ముక్క కూడా ఉంది, సీటు నుంచి స్టేజి పూర్తిగా కనబడదని. ఆ ముక్క సైట్‌లో ఎక్కడా లేదు.

ఎందుకు కనబడదో లోపలికి అడుగు పెట్టగానే అర్థమైంది. ఇది 1847లో కట్టిన రైలింజన్ల షెడ్డు. గుండ్రటి భవనం, మధ్యలో ఇంజన్‌ని గిరగిరా తిప్పే టర్న్‌టేబుల్, దాని చుట్టూ పట్టాలు. కప్పుని మోసేది వలయంగా నిలబడ్డ 24 పోత ఇనుప స్తంభాలు. ఇంజన్లు పొడుగు పెరిగేసరికి కొన్నేళ్లకే షెడ్డు పనికిరాకుండా పోయింది. 1871 నుంచి గిల్బీస్ అనే జిన్ కంపెనీకి గోదాం అయింది. 1966లో పింక్ ఫ్లాయిడ్ రాక్ బృందం వాయించిన చోటు ఇదే. 1983లో మూతపడితే, 1996లో టార్క్విల్ నార్మన్ అనే ఆయన కొని బాగు చేయించి 2006లో మళ్లీ తెరిచారు. ఇంత జరిగినా ఆ 24 స్తంభాలూ ఉన్నచోటే ఉన్నాయి. వాటిలో ఒకటి సరిగ్గా మా ఎదురుగా.

కచేరీ మొదలైంది. నాకు కనబడుతున్నది గాయని ఎడమ మోచేయి, డ్రమ్స్‌లో సగం. కుడివైపు వంగితే మైకు కనబడుతుంది, కానీ పక్కాయన భుజం మీద పడాలి. ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఆయన తన పక్కావిడ మీదికి వంగుతున్నాడు. పాట పాటకీ మా వరసంతా వరిచేను గాలికి ఊగినట్టు ఒకసారి ఇటూ ఒకసారి అటూ. మూడో పాటకి మా ఆడపడుచు చేతులు కట్టేసుకుంది. "వదినా, ఈ డబ్బుకి నాకో మంచి కోటు వచ్చేది" అంది, స్తంభం మీంచి చూపు తిప్పకుండా. పాపం, కచేరీ అని హుషారుగా బయల్దేరింది తనే.

విరామంలో అక్కడి సిబ్బందిలో ఒకమ్మాయిని అడిగాం. బయట కొన్న టికెట్లు కాబట్టి మార్చడం తన చేతిలో లేదని మర్యాదగానే చెప్పింది. కానీ చివర్లో వచ్చి, వెనక నడవాలో ఒక మూల చూపించి, దారికి అడ్డం రాకుండా అక్కడ నిలబడమంది. అక్కడ విన్న రెండు పాటల కోసమే ఈ హాలు మీద నాకు కోపం రాలేదు. స్తంభాల తలల దగ్గర ఇనుప కమానులు ఒకదాన్నొకటి అందుకుంటూ గుండ్రంగా పోతాయి, వాటి మీద నీలం లైటు పాకుతుంటే పైకప్పు తిరుగుతున్నట్టే ఉంది. బేస్ గిటార్ మోగినప్పుడల్లా చేతికింద రెయిలింగ్ జుమ్మంది. కింద స్తంభాల వలయం లోపల నిలబడ్డ జనానికి ఏ అడ్డూ లేదు. అక్కడి టికెట్ అసలు ధర 36 పౌండ్లే! మా ఆడపడుచు చేతులు విప్పింది, చివరి పాటకి ఈల కూడా వేసింది.

వెళ్లడం రావడం తేలిక. శనివారం సాయంత్రం కామ్డెన్ టౌన్ స్టేషన్‌లో దిగితే జనంలో నలిగిపోతారు, తర్వాతి స్టేషన్ చాక్ ఫామ్‌లో దిగండి. అక్కడ లోతు తక్కువ, లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లెక్కేయొచ్చు. శుక్ర, శనివారాల్లో ఆ స్టేషన్ మీదుగా పోయే నార్దర్న్ లైన్ మెట్రో రాత్రంతా నడుస్తుంది కాబట్టి టాక్సీ అక్కర్లేదు. మేం బస్సెక్కాం, మనిషికి 1.75 పౌండ్లు.

మర్నాడు బాటర్‌సీ పవర్ స్టేషన్ చూశాం. చిమ్నీలు బావున్నాయి, లోపలంతా షాపులు. అంతే. పాత కరెంటు కేంద్రమే చూడాలనుంటే, ఇప్పుడు ఆర్ట్ మ్యూజియం అయిన టేట్ మోడర్న్‌కి వెళ్లండి, ప్రవేశం ఉచితం.

రీసేల్ సైట్‌కి టికెట్ ఫొటో, స్తంభం ఫొటో జతచేసి ఫిర్యాదు పెట్టాను. వారం తర్వాత జవాబొచ్చింది: చింతిస్తున్నాం, 10 పౌండ్ల కూపన్ ఇస్తున్నాం అని. అది 30 రోజుల్లో వాడెయ్యాలట, అదీ వాళ్ల దగ్గర ఇంకో టికెట్ కొంటేనేనట.